పెన్ను ఆగిన చోట

బొమ్మల పరీక్షకి కూర్చున్నవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. కత్తెరత్త కూడా అదే అడిగింది.

“ఇందులో తప్పూ ఒప్పూ ఉంటాయా సార్?”

“ఉండవండీ. బొమ్మ చూడండి. ఇప్పుడేం జరుగుతోంది, అంతకుముందు ఏం జరిగింది, చివరికి ఏమవుతుంది, ఓ కథలా చెప్పండి. మీకు తోచిందే చెప్పండి.”

ఈ మాటలు సైకాలజిస్టుకి కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా ఇదే వరసలో చెప్పగలడు. చెప్పేటప్పుడు గొంతులో ఆప్యాయతా ఉండకూడదు, కటువుతనమూ ఉండకూడదు. వినేటప్పుడు మొహంలో ఏమీ కనపడకూడదు. ఆ విద్యలో అతను ఆరితేరినవాడు. అతని భార్య కూడా ఒప్పుకున్న సంగతే అది, కాకపోతే ఆమె మెచ్చుకోలుగా అనలేదు.

గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఆనించిన ఇనప అలమర. అలమరకి గాజు తలుపులు. లోపల పాత ఫైళ్ళు నల్లటి అట్టలతో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. వచ్చినవాళ్ళ కుర్చీ అలమరకి ఎదురుగా వేస్తారు. సైకాలజిస్టు వాళ్ళకి కాస్త వెనగ్గా, కుడిపక్కన కూర్చుంటాడు. ఎదురెదురుగా కూర్చుంటే చెప్పేవాళ్ళు వినేవాడి మొహం చూసి మాట మారుస్తారు కాబట్టి ఇలా కూర్చోవాలని పెద్ద మేడమ్ నేర్పింది. ఆ విభాగానికి ఆవిడే పెద్ద.

కత్తెరత్తకి నలభై దాటాయి. బజారు చివర చిన్న పార్లర్ నడుపుతుంది. నెలకోసారి పిల్లల హోమ్‌కి వెళ్ళి అక్కడి పిల్లలందరికీ ఊరికే జుట్టు కత్తిరిస్తుంది. కత్తెరత్త అని పేరు పెట్టింది వాళ్ళే. వాళ్ళలో పిచ్చుక అని అందరూ పిలిచే ఏడేళ్ళ పిల్ల ఒకతె ఉంది. ఇంకెవరు తలమీద చెయ్యి వేసినా ఇల్లెగిరిపోయేలా అరిచే పిల్ల, ఈమె ముందు మాత్రం బుద్ధిగా కూర్చుంటుంది. ఆ పిల్లని తను పెంచుకుంటానని కత్తెరత్త అర్జీ పెట్టుకుంది. భర్త ఏనాడో పోయాడు, పిల్లలు లేరు. ఏడు నిండిన పిల్లల్ని ఈ నెలాఖరుకి వేరే ఊళ్ళో ఉన్న పెద్ద హాస్టలుకి పంపేస్తారు. ఆలోగా ఇలాంటి అర్జీలు చూసే కమిటీ సరేననాలి. కమిటీ సరేననాలంటే, ఈ మనిషి చేతికి పిల్లని ఇవ్వవచ్చునని సైకాలజిస్టు రాసివ్వాలి.

అతను మొదటి కార్డు ఆమె చేతికిచ్చాడు. మెట్ల కింద సంచీతో నిలబడ్డ పాప.

“ఈ పాప బడినుంచి వచ్చిందండీ,” అంది కత్తెరత్త. “వాళ్ళమ్మ లోపల పనిలో ఉంది. పాపకి ఆకలేస్తోంది. అమ్మ వచ్చి తినడానికి ఏదో పెడుతుంది. తినేసి ఆడుకోవడానికి పోతుంది. అంతేనండీ.”

బడి, ఆకలి, ఆట అని మూడు ముక్కలు రాసి సైకాలజిస్టు పెన్ను ఆపాడు. ఇలాంటివి పూర్తిగా రాసుకోనక్కర్లేదు. అందరూ ముందు ఇలాగే మొదలుపెడతారు, అసలు సరుకు తర్వాత బయటికొస్తుంది.

కత్తెరత్త కార్డు వంక చూసింది. తర్వాత తలెత్తి అలమర వంక చూసింది.

“అంటే, అమ్మ లోపల ఉందని పాప అనుకుంటోంది,” అంది మెల్లగా. “కానీ లేదండీ.”

పెన్ను కదిలింది.

“పొద్దున్నే వెళ్ళిపోయింది. పాపకి ఎవరూ చెప్పలేదు. మెట్లెక్కి చూడాలంటే భయమేసి కిందే నిలబడిపోయింది.”

రెండో కార్డులో ఇద్దరు ఆడవాళ్ళు. వయసులో ఉన్న ఆవిడ కూర్చుని ఉంటే, ముసలావిడ ఆమె వెనక నిలబడి ఉంది. పెద్దావిడ చిన్నావిడకి జడ వెయ్యబోతోందని కథ మొదలైంది. కాసేపట్లో పెద్దావిడ చెంగులో కత్తెర వచ్చి చేరింది. ఆ జుట్టంటే ఆవిడకి ఒళ్ళు మంటట. మూడో కార్డులో కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి మొదట ఎండ పడుతోందా లేదా అని చూస్తున్నాడు. తర్వాత అప్పులవాళ్ళు వస్తున్నారేమోనని చూశాడు. చివరికి కిందికి దూకితే ఎలా ఉంటుందోనని చూశాడు. సైకాలజిస్టు ఒక్క ముక్క పోనీకుండా రాసుకుంటున్నాడు. వేళ్ళు నొప్పెట్టాయి. చాలా రోజుల తర్వాత చేతికి ఇంత పని తగిలింది.

చివరి కార్డు ఖాళీ కార్డు. రెండువైపులా తెల్లగా ఉంటుంది.

“దీంట్లో ఏమీ లేదండీ. బొమ్మ కూడా మీరే ఊహించుకుని కథ చెప్పండి.”

కత్తెరత్త కార్డుని అటూ ఇటూ తిప్పింది. మళ్ళీ అలమర వంక చూసింది.

“ఇదో ఇల్లండీ.” కాసేపు ఆగింది. “ఖాళీ ఇల్లు. ఖాళీ అంటే, బయటినుంచి గొళ్ళెం పెట్టి ఉంది. లోపల ఎవరో ఉన్నారు. తలుపు కొడుతున్నారు. దారిన పోయేవాళ్ళు వింటున్నారు గానీ ఎవరూ తియ్యడం లేదు.”

అతను పేజీ తిప్పి రాశాడు. ఆమె ఆ శబ్దం వినేదాకా ఆగి, లోపలున్న మనిషి గోడమీద గోళ్ళతో గీసిన గీతల గురించి కూడా చెప్పింది.

అన్నీ అయ్యాక రుమాలు తీసి మెడ తుడుచుకుంది. “సరిపోయిందా సార్? ఇంకా కావాలంటే చెబుతాను.”

“చాలండీ,” అన్నాడు. ఇంకా కావాలంటే అనడమేమిటోనని లోపల నవ్వుకున్నాడు.

ఆమె వెళ్ళాక, గమనించిన సంగతులు రాసే చోట ఇలా రాశాడు: ‘మనుషుల వైపు తిరగదు. అలమరతో మాట్లాడుతుంది.’

ఆ సాయంత్రం ఇంట్లో అతను కుర్చీలో కూర్చుని ఆ కథల గురించే ఆలోచిస్తున్నాడు. భార్య మంచం మీద బట్టలు మడతపెడుతూ ఏదో చెబుతోంది. వంటింట్లో కుళాయి బాగుచేసే మనిషి ఎట్టకేలకు వచ్చాడట. చెల్లెలికి కొత్త ఉద్యోగం నచ్చిందట. అతను ఊ కొడుతున్నాడు.

“పై వాటా ఆయన మెట్లమీంచి జారి పడ్డాడు,” అంది ఆమె.

“అయ్యో, ఎప్పుడు? ఎంత దెబ్బ తగిలింది?”

“అదీ. ఇప్పుడు తలెత్తారు.” ఆమె దిండు గలీబు దులిపి నాలుగు మడతలు పెట్టింది. “ఆయన నిక్షేపంగా ఉన్నాడు. మీరు వింటున్నారో లేదో చూద్దామని అన్నా.”

“వింటూనే ఉన్నాగా.”

“ఊ, విన్నారు. కుళాయి ఏమైందో చెప్పండి చూద్దాం.”

అతను నీళ్ళు నమిలాడు. ఆమె నవ్వేసి మడత బట్టలు చేతులమీద పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇలాంటి మాటలు ఆ ఇంట్లో కొత్తకాదు గనక అతను పెద్దగా పట్టించుకోలేదు.

మర్నాడు పెద్ద మేడమ్ రిపోర్టు చిత్తుప్రతి చదివింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయినా పైకి తోసుకోకుండా చదివిందంటే నచ్చినట్టే లెక్క.

“అచ్చం మన హోటల్ సర్వర్ రిపోర్టులా వచ్చిందోయ్,” అంది.

అది పోయినేడాది రాసింది. హోటల్లో సర్వర్‌గా పనిచేసే ఒకతను చనిపోయిన అన్నగారి కొడుకుని తనకిమ్మని అడిగాడు. బొమ్మలు చూపిస్తే అతని కథల్నిండా మంటలూ, నీళ్ళలో మునిగిపోయే మనుషులూ. వద్దని సైకాలజిస్టు రాశాడు. కుర్రాడిని హాస్టలుకి పంపేశారు. ఆ రిపోర్టుని పెద్ద మేడమ్ ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళ చేత చదివిస్తుంది.

“నీ దగ్గర మనుషులు ఇట్టే మనసు విప్పుతారు. నాకు కూడా ఇంతగా చెప్పేవాళ్ళు కాదు,” అంది మేడమ్. “సరే, ఆవిడ పార్లరూ ఇల్లూ ఓసారి చూసొచ్చి, ఆ రెండు ముక్కలూ కలిపి సంతకం పెట్టెయ్. పిల్లని ఇవ్వలేమనేగా?”

“ఇవ్వలేం మేడమ్.”

అలా అన్నప్పుడు అతనికి బాధ కలగలేదు. ఇందులో బాధపడడానికేమీ లేదని, పిల్లకి మేలే జరుగుతోందని అనుకున్నాడు.

పార్లర్ బజారులో చెప్పుల కొట్టు పక్కనుంది. రెండు తిరిగే కుర్చీలు, గోడ పొడుగునా అద్దం, అద్దం కింద బల్లమీద దువ్వెనలూ, క్లిప్పులూ, నీళ్ళు చిమ్మే సీసా. ఊడ్చిన జుట్టు ఓ మూల కుప్పగా ఉంది. కత్తెరత్త ఓ లావుపాటి పెద్దావిడకి జుట్టు చివర్లు సమం చేస్తోంది. సైకాలజిస్టుని అద్దంలో చూసి, వెనక్కి తిరక్కుండానే, “రండి సార్, కూర్చోండి. ఇదైపోతుంది,” అంది. అతను గోడవారనున్న స్టూలు మీద కూర్చుని కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నా ఫోనంటే చాలు మా కోడలికి చెవుడొస్తుంది,” అంటోంది పెద్దావిడ.

“మా తమ్ముడి పెళ్ళామూ అంతేనమ్మా.” కత్తెరత్త చూపు అద్దంలో పెద్దావిడ మొహం మీద ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. “ఫోను చేతిలోనే ఉంటుంది, మనం చేస్తే మాత్రం ఎత్తదు.”

పెద్దావిడ మొహం వికసించింది. “అదే కదా నేననేది!”

“ఒకసారి మా అమ్మ ఏకబిగిన చేస్తూనే ఉంటే, విసుగొచ్చి ఫోను తీసుకెళ్ళి బట్టలు నానబెట్టిన బకెట్లో పడేసిందమ్మా ఆ పిల్ల.”

“హవ్వ!” పెద్దావిడ కుర్చీలో కదలకూడదని మరిచిపోయి నవ్వింది. తమ్ముడి పెళ్ళాన్ని ఇద్దరూ కలిసి కాసేపు దులిపారు. వెళ్ళేటప్పుడు పెద్దావిడ నడకలోనే హుషారు కనపడింది.

తర్వాత వచ్చిన అమ్మాయి టీచరు. కుర్చీలో కూర్చుంటూనే తోడబుట్టినవాళ్ళమీద పడింది. ఇద్దరు తమ్ముళ్ళట, ఏ పనీ ముట్టుకోరట, అన్నీ ఈమె నెత్తినే రుద్దుతారట.

“తోడబుట్టినవాళ్ళు లేకపోవడమే హాయి,” అంది కత్తెరత్త, నీళ్ళ సీసా అందుకుంటూ. “నాకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. ఆ దేవుడు నాకు చేసిన మేలు అదొక్కటే.”

సైకాలజిస్టుకి నవ్వొచ్చింది. తమ్ముడు లేడు గాని తమ్ముడి పెళ్ళాం ఉంది, ఆమె ఫోను బకెట్లో పడేసింది కూడా. నవ్వు ఆపుకోవడానికి తల వంచుకున్నాడు. ఒళ్ళో కాగితాలు కనపడ్డాయి. పై కాగితం మీద గొళ్ళెం పెట్టిన ఇంటి కథ ఉంది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

టీచరు వెళ్ళాక కత్తెరత్త కుర్చీ దులిపింది. “రండి సార్. మెడమీద పెరిగింది. మీ ప్రశ్నలు మీరు అడుగుతూ ఉండండి, నేను సర్దేస్తాను.”

అతను కూర్చున్నాడు. తెల్లటి గుడ్డ మెడ చుట్టూ బిగుసుకుంది. అద్దంలో ఆమె కళ్ళు అతని మొహం మీద వాలాయి.

“ఈ మధ్య నాకు నిద్ర పట్టడం లేదండీ,” అన్నాడు. అది పచ్చి అబద్ధం. తల దిండుకి ఆనితే చాలు అతనికి ఒళ్ళు తెలీదు.

“నాకూ అంతే సార్. తెల్లారేదాకా పైకప్పు చూస్తూ పడుకుంటాను.”

అతను ఆఫీసులోలాగే మొహం బిగించి కూర్చున్నాడు. ఏ కండరమూ కదల్లేదు. కత్తెర చప్పుడు నెమ్మదించింది. ఆమె అద్దంలోకి చూసింది.

“రోజూ కాదు లెండి. మామూలుగా బాగానే పడుతుంది.”

అతను ఒక్క కనుబొమ పిసరంత ఎత్తాడు.

“పడుతుంది గానీ, పీడకలలు సార్.”

మెడమీద చిమ్మిన నీళ్ళు చల్లగా వీపుమీదికి జారాయి. కత్తెర చెవి పక్కనుంచి వెనక్కి పోయింది.

“ఆ రోజు మా ఆఫీసులో, మీరు అలమర వైపే చూస్తూ మాట్లాడారు. ఎందుకు?”

“దానికి అద్దం ఉందిగా సార్.” ఇదీ ఓ ప్రశ్నేనా అన్నట్టు చెప్పింది. “పాతికేళ్ళుగా అద్దంలో చూసి మాట్లాడ్డమే అలవాటు. మీరేమో వెనకాల కూర్చున్నారు. అందులో మీ మొహం సరిగ్గా ఆనలేదు గానీ, చెయ్యీ పెన్నూ బాగా కనపడ్డాయి.”

“పెన్నా?”

“నేను మంచి సంగతి చెబితే మీ పెన్ను ఆగిపోయేది. బడి, ఆటలు అంటే మీరు రాసుకోలేదు. పాపం సార్‌కి ఏమీ దొరకడం లేదనుకున్నాను. ఒక్క ముక్కా రాసుకోకపోతే నాకు పిల్లనెందుకిస్తారని భయమేసింది. అమ్మ ఇంట్లో లేదనేసరికి గబగబా రాశారు. సరే, ఈయనకి ఇలాంటివి కావాలన్నమాట అని...” ఆమె దువ్వెనతో వెంట్రుకలు ఎత్తి పట్టుకుంది. “కష్టపడి అల్లాను సార్. ఇంటికెళ్ళేసరికి తలనొప్పి వచ్చేసింది.”

“గొళ్ళెం పెట్టిన ఇల్లు?”

“అది మీకు బాగా నచ్చింది కదూ? పేజీ తిప్పి మరీ రాసుకున్నారు.”

అద్దంలో అతని మొహం ఎలా మారిందో గాని, కత్తెరత్త చేతులు ఆగాయి.

“తప్పు చేశానా సార్? తప్పూ ఒప్పూ ఉండవన్నారుగా మీరు.”

“ఆ తెల్ల కార్డులో మీకు నిజంగా ఏం కనపడింది?”

“ఏం కనపడుతుంది సార్? తెల్లగా ఉంది. ఉతికి ఆరేసిన టవల్లా ఉంది.”

ఆమె కత్తెర పక్కన పెట్టింది. మెడమీద వెంట్రుకలు బ్రష్షుతో దులిపి గుడ్డ తీసేసింది. పార్లర్ వెనకనున్న ఆమె ఇంటిని అతను నిలబడే చూశాడు. రెండు గదులు, కిటికీకి కర్టెన్, గోడవారన కొత్తగా కొన్న చిన్న మంచం. మంచం మీద పరుపుకి చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని అతను అడగలేదు.

పెద్ద మేడమ్ అంతా విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

“అయితే ఆ మనిషి అబద్ధాలకోరు. ఎదుటివాళ్ళకి ఏది నచ్చితే అది చెప్పే రకం. అలాంటివాళ్ళ చేతిలో పిల్లని పెడదామంటావా?”

“మనం అడిగిందే కథ చెప్పమని కదా మేడమ్. నిజం చెప్పమని అడగలేదు.”

“తెలివిగా మాట్లాడకు. ఇన్నేళ్ళుగా అందరం ఇలాగే చేస్తున్నాం.”

“అందరి సంగతీ నాకు తెలీదు మేడమ్. నాకు నచ్చినప్పుడే నా పెన్ను కదిలింది. ఆమె దాన్ని చూసి కథ చెప్పింది. ఆ కథలు చూసి నేను ఆమె గురించి రాశాను.”

మేడమ్ కిటికీ వైపు చూసింది. “చూడు, ఆవిడ సరిగ్గా సహకరించలేదని ఓ ముక్క రాసెయ్. పరీక్ష తేలలేదని కమిటీ వదిలేస్తుంది. నీకే ఇబ్బందీ ఉండదు.”

“పిల్ల హాస్టలుకి పోతుంది.”

“పోతుంది. ఏం చేస్తాం? తప్పు నీదని రాస్తే కమిటీవాళ్ళు ఊరుకుంటారా? ఇదొక్కటేనా, మిగతావాటి సంగతేమిటని అడుగుతారు. ఏం చెబుతావు?”

మర్నాడు హోమ్‌లో జుట్టు కత్తిరించే రోజని వార్డెన్ చెప్పిన సంగతి అతనికి గుర్తొచ్చింది. అది చూసొచ్చి ఏదో ఒకటి రాస్తానని చెప్పి బయటపడ్డాడు. మేడమ్ మీద కోపం వచ్చింది గానీ, ఆవిడ మాటలో అబద్ధమేమీ కనపడలేదు.

హోమ్ వసారాలో నాలుగు కాళ్ళ స్టూలు ఒకటి వేసి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచారు. పిల్లలు గోడవారన వరసగా కూర్చున్నారు. వార్డెన్ గది కిటికీ వసారాలోకే తెరుచుకుంటుంది. సైకాలజిస్టు ఆ కిటికీ పక్కన నిలబడ్డాడు. కాగితం, పెన్ను వార్డెన్ బల్లమీదే వదిలేశాడు. అతను వచ్చినట్టు కత్తెరత్తకి చెప్పవద్దని వార్డెన్‌ని ముందే కోరాడు.

చాలాసేపటిదాకా అక్కడ ఏం తేడాగా ఉందో అతనికి అంతుబట్టలేదు. తర్వాత తట్టింది. వసారాలో అద్దం లేదు. పిల్లలు పగలగొడతారని ఆ ఇంట్లో ఎక్కడా అద్దం పెట్టరు. అందుకని కత్తెరత్త ప్రతి నాలుగు కోతలకీ స్టూలు చుట్టూ తిరిగి ముందుకొచ్చి, మోకాళ్ళమీద వంగి, పిల్లల మొహాల్లోకి నేరుగా చూస్తోంది. ఎడమపక్కా కుడిపక్కా సమంగా వచ్చిందా అని గడ్డం పట్టుకుని చూస్తోంది. పార్లర్లో క్షణం ఆగని నోరు ఇక్కడ అసలు మెదలడం లేదు. పిల్లలే వాగుతున్నారు.

చివరగా పిచ్చుక వచ్చింది. సన్నటి పిల్ల. స్టూలు ఎక్కి రెండు చెవులూ చేతులతో మూసుకుంది. కత్తెరత్త ఓ చెయ్యి తీసి, చెవిని తన వేళ్ళతో మడిచి పట్టుకుని కత్తిరించడం మొదలుపెట్టింది.

“నా పన్ను కదులుతోంది,” అంది పిచ్చుక.

“ఏదీ?”

పిల్ల నోరు తెరిచింది. కత్తెరత్త ముందుకొచ్చి వేలితో కదిపి చూసింది. “ఇంకా టైముంది దానికి. ఊరికే ఆడించకు.”

కత్తెరత్త మళ్ళీ స్టూలు వెనక్కి వెళ్ళింది.

“అత్తా, నన్ను పెద్ద హాస్టలుకి పంపేస్తారట.”

“ఎవరన్నారు?”

“అందరూ అంటున్నారు. నువ్వు నన్ను తీసుకెళ్ళిపోతావా?”

కత్తెర ఆగింది. సైకాలజిస్టు తనకి తెలియకుండానే కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఆ పిల్ల మొహంలో ఏం కావాలో గుడ్డివాడికి కూడా కనపడుతుంది. వింటే ఎగిరి గంతేసే మాట ఒకటుంది. అది కత్తెరత్త నాలుక చివరే ఉండాలి. ముక్కూమొహం తెలియని పెద్దావిడ సంతోషం కోసం లేని తమ్ముడికి పెళ్ళాం తెచ్చిపెట్టిన మనిషి ఆమె.

కత్తెరత్త వచ్చి పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

“తెలీదమ్మా,” అంది. “నాకివ్వమని అడిగాను. వాళ్ళింకా ఏమీ చెప్పలేదు. ఇవ్వకపోవచ్చు కూడా.”

పిచ్చుక మొహం ముడుచుకుపోయింది. కింది పెదవి వణికింది. కత్తెరత్త చూపు తిప్పుకోలేదు, ఇంకో మాట కలిపి సర్దిచెప్పనూ లేదు. పిల్ల ఏడుస్తుందేమోనని చూస్తూ అలాగే కూర్చుంది. పిచ్చుక ఏడవలేదు. కాసేపటికి ముక్కు ఎగబీల్చి, రెండో చెవి మీంచి తనే చెయ్యి తీసింది.

“ఈ పక్క కూడా కొయ్యి,” అంది.

ఆ సాయంత్రం సైకాలజిస్టు పాత చిత్తుప్రతి చింపేసి మళ్ళీ రాశాడు. బొమ్మల పరీక్ష చెల్లదని, లోపం పరీక్షించినవాడిదేనని, ఎలా జరిగిందో పెన్ను సంగతితో సహా రాశాడు. కమిటీ ఆ కథలమీద ఆధారపడితే ఆ మనిషికి అన్యాయం చేసినట్టేనన్నాడు. ఆమె కస్టమర్లకి నచ్చేదే చెబుతుందని కూడా దాచకుండా రాశాడు. చివర్లో వసారాలో విన్న మాటలు విన్నట్టుగా దించి, పిల్లని ఇవ్వవచ్చునని సంతకం పెట్టాడు. పెద్ద మేడమ్ ఒకటికి రెండుసార్లు చదివింది. “నీ ఇష్టం,” అని, తన సంతకం కూడా పెట్టి ఫైలు అతని వైపు తోసింది.

కమిటీలో మేడమ్ భయపడినంతా జరగలేదు. ఉన్నవాళ్ళలో ఒకాయన పెన్ను సంగతి విని నవ్వాడు. ఇంకొకావిడ నవ్వలేదు, సైకాలజిస్టుని తేరిపార చూసి ఏదో రాసుకుంది. చివరికి ముందు ఆరు నెలలకి పిల్లని ఇచ్చి చూద్దామన్నారు. మిగతావాటి సంగతేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండేదని అతనికి అనిపించింది.

సంతకాల రోజున కత్తెరత్త పిచ్చుకని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల చేతిలో సంచీ ఉంది. దాన్ని కింద పెట్టమంటే పెట్టలేదు. పై పన్ను ఊడి చిన్న సందు కనపడుతోంది. కాగితాలమీద సంతకాలయ్యాక కత్తెరత్త కుర్చీలోంచి లేచి, మొదటిసారి అతని వైపు తిరిగింది.

“నా కథలు పనికొచ్చాయన్నమాట సార్.”

“లేదండీ,” అన్నాడతను. “అవి నేను తీసేశాను.”

ఆమె మొహం చిన్నబోయింది. అంత తలనొప్పి పడి అల్లిన కథలు. “అయితే ఎలా ఇచ్చారు?”

“పిల్ల అడిగినప్పుడు తెలీదన్నారు కదా, అందుకని.”

కత్తెరత్తకి అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపడానికి సగం తల వంచి, మానుకుంది. “సరే సార్, వస్తాం,” అని పిల్ల భుజంమీద చెయ్యి వేసి నడిపించుకుంటూ వెళ్ళింది. సంచీ గుమ్మానికి తగిలి చప్పుడైంది, తర్వాత మెట్లమీద ఇద్దరి అడుగులూ వినపడ్డాయి.

గదిలో అతనొక్కడే మిగిలాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ కూర్చోని కుర్చీలో, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. అలమర గాజులో వెనకనున్న తన కుర్చీ కనపడింది. మొహం ఉండే చోట కిటికీ వెలుతురు పడి తెల్లగా మెరుస్తోంది. కింద బల్ల అంచూ, దానిమీద పెట్టిన పెన్నూ మాత్రం స్పష్టంగా ఉన్నాయి. అందులోకి చూస్తుంటే, గాజు వెనకనున్న నల్లటి అట్టలు కూడా మెల్లగా కనపడసాగాయి. అన్నీ అతను రాసినవే.

లేచి అలమర తలుపు తెరిచాడు. హోటల్ సర్వర్ ఫైలు వెతుక్కోనక్కర్లేదు. అస్తమానం తీసి చదివించేది కనక అది అన్నిటికన్నా ముందు వరసలో ఉంటుంది, అంచులు నలిగిపోయి ఉంటుంది. మొదటి పేజీ తిప్పాడు. గమనించిన సంగతులు రాసే చోట అతని సొంత దస్తూరీలోనే ఉంది: ‘మనుషుల వైపు తిరగడు. అలమరతో మాట్లాడుతాడు.’

పక్కన మేడమ్ ఎర్ర సిరాతో ‘చాలా బాగుంది’ అని రాసి ఉంచింది.

అతను అలమర తలుపు వెయ్యకుండానే ఆ ఫైలు పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళాడు.

“ఈ కుర్రాడిని ఏ హాస్టలుకి పంపాం మేడమ్?” అని అడిగాడు.